యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 – ఆగష్టు 1948) తెలుగునాట జన్మించి అమెరికాలో పరిశోధనలు సాగించిన సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రజ్ఞుడు. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, జీవకణాలన్నింటికీ శక్తిని అందించే ఏ.టి.పి.ని గుర్తించినవారిలో ఆయన ఒకడు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు. మిథోట్రెక్సేట్, హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే ఔషధాలు ఆయన పర్యవేక్షణలోని ప్రయోగశాలలో రూపుదిద్దుకున్నాయి. వీటిలో మిథోట్రెక్సేట్ మొదట కాన్సరు మందుగా వచ్చి, కీళ్లవాతం వంటి శోథ వ్యాధులలో, అనగా శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పి వాపు, నొప్పి కలిగించే వ్యాధులలో, ముఖ్యమైన మందుగా స్థిరపడింది. అది శోథను ఎలా అణచుతుందన్న ప్రశ్నకు సమాధానం వెదికినవారు చివరకు ఏ.టి.పి. అణువులోని అడినోసిన్ దగ్గరకే వచ్చారు. అందువలన ఈ వ్యాసంలో ఆ రెండు పరిశోధనలకు ఎక్కువ చోటు ఇవ్వబడినది.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావు భీమవరంలో జన్మించాడు. ఆనాడు భీమవరం మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో ఉండేది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022లో ఆ జిల్లాకు కేంద్రమైంది. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాల్గవవాడు. తండ్రి అనారోగ్యం వలన ముందుగానే ఉద్యోగం మానుకొనవలసి రావడంతో కుటుంబం ఇబ్బందుల పాలయింది.

చదువు రాజమండ్రిలో మొదలైంది కాని సాఫీగా సాగలేదు. పదమూడేళ్ల వయసులో, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి బయలుదేరగా తల్లి వెనుకకు తీసుకువచ్చిందని జీవితచరిత్రకారులు వ్రాశారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుండి గట్టెక్కాడు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. ఆ రోజులలో రామకృష్ణ మఠం ప్రభావానికి లోనై సన్యాసం తీసుకోవాలనుకున్నాడు. తల్లి అనుమతించలేదు. వైద్యునిగానైనా ప్రజలకు సేవ చేయవచ్చునని నిశ్చయించుకొని మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. ఆ చదువుకు మిత్రులు సహాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి కూడా తోడ్పడ్డాడు. ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావు 1919లో వివాహమాడాడు.

గాంధీజీ పిలుపు విని సుబ్బారావు శస్త్రచికిత్స గదిలో సైతం ఖద్దరు దుస్తులే ధరించేవాడు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. వ్రాతపరీక్షలలో ఎంత బాగా వ్రాసినప్పటికీ సుబ్బారావుకు పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగం దొరకక, ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర అధ్యాపకునిగా చేరాడు.

లక్ష్మీపతితో ఆయనకు పూర్వమే పరిచయం ఉంది, అదీ రోగిగా. సుబ్బారావు సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇద్దరూ ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ వ్యాధితో మరణించారు. స్ప్రూ అంటే ప్రేగులు ఆహారసారాన్ని గ్రహించలేని జబ్బు. ఆయుర్వేదంలో చెప్పే గ్రహణికి దగ్గరిది. విరేచనాలు, నాలుక పూత, రక్తహీనతలతో రోగి క్రమంగా క్షీణించి పోతాడు. అదే జబ్బు సుబ్బారావుకు కూడా వచ్చింది. ఆంగ్ల వైద్యంతో కుదరనిది లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద చికిత్సతో నయమైంది. ఆ వ్యాధిలో కనిపించే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లపు లోపం ఒక ముఖ్య కారణమని, ఆ ఆమ్లంతో రోగులు త్వరగా కోలుకుంటారని వైద్యలోకానికి తెలియడానికి 1945 వరకు ఆగవలసి వచ్చింది. దానిని తయారు చేసింది సుబ్బారావు బృందమే.

అమెరికా ప్రయాణము

ఉన్నత విద్యకై సుబ్బారావు 1922లో అమెరికా బయలుదేరాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత, మామగారు సేకరించినది కొంత, ప్రయాణ ఖర్చులకు ఉపకరించాయి. భార్యను ఇంటివద్దనే ఉంచి, కొద్ది సంవత్సరాలలో తిరిగి రావాలన్న ఉద్దేశంతో అక్టోబరు నెలలో బోస్టన్ చేరాడు. ఆ తరువాత ఆయన స్వదేశానికి రానే లేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు, తండ్రి ముఖం చూడకుండానే, పసితనంలో అంటువ్యాధికి గురై మరణించాడు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో డిప్లొమా పొందాడు కాని, ఆ అర్హతతో అమెరికాలో వైద్యునిగా పని దొరకలేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పనికి కుదిరాడు. పగలు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో పనిచేసేవాడు.

భాస్వరాన్ని కొలిచే పద్ధతి

ఫిస్క్ అప్పగించిన మొదటి సమస్య చూడడానికి చిన్నది: రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉందో కొలవడం. అప్పటి పద్ధతులు ఆలస్యమైనవి, తప్పులకు తావిచ్చేవి. ఫిస్క్, సుబ్బారావులు రూపొందించిన పద్ధతిలో పరీక్షించవలసిన ద్రావణానికి ఆమ్ల సమక్షంలో అమ్మోనియం మాలిబ్డేటు కలుపుతారు. భాస్వరం ఉంటే ఫాస్ఫోమాలిబ్డేటు ఏర్పడుతుంది. దానికి ఒక క్షయకరణ పదార్థాన్ని చేర్చినప్పుడు నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే రంగు అంత చిక్కగా ఉంటుంది కనుక, రంగును తెలిసిన ద్రావణంతో పోల్చి పరిమాణం లెక్కగట్టవచ్చు. 1925లో ప్రచురితమైన ఈ పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులు దశాబ్దాల తరబడి దీనిని ప్రయోగశాలలో చేస్తూ వచ్చారు. ఆ పేరులో రెండవవాడు మన భీమవరం వాడని వారిలో ఎందరికి తెలుసునో!

కండరంలోని శక్తి – ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.

పై పద్ధతిని కండరాల సారానికి వర్తింపజేసినప్పుడు ఒక వింత కనబడింది. నీలం రంగు వెంటనే పూర్తిగా రాకుండా నెమ్మదిగా, నిమిషాల తరబడి పెరుగుతూ పోయింది. మరొకరైతే దీనిని పద్ధతిలోని లోపంగా భావించి సర్దుకుపోయేవారు. వీరిద్దరు దాని కారణం వెదికారు. కండరంలో ఉన్న ఒక అస్థిర పదార్థం ఆమ్లంలో కొద్దికొద్దిగా విచ్ఛిన్నమై ఫాస్ఫేటును విడుదల చేస్తున్నదని, అందుచేతనే రంగు ఆలస్యంగా వస్తున్నదని తేల్చారు. ఆ పదార్థమే క్రియాటిన్, ఫాస్ఫేటు కలిసిన ఫాస్ఫోక్రియాటిన్. ఈ ఫలితం 1927లో వెలువడింది. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా స్వతంత్రంగా ఈ పదార్థాన్ని గమనించి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. కాని అది ఏ అణువుల కలయికయో సరిగా చెప్పినవారు ఫిస్క్, సుబ్బారావులు.

దీని ప్రాముఖ్యం గ్రహించాలంటే అప్పటి నమ్మకం తెలియాలి. కండరం సంకోచించడానికి కావలసిన శక్తి లాక్టిక్ ఆమ్లం ఏర్పడడం వలన వస్తుందని అనుకునేవారు. 1922 సంవత్సరపు వైద్య నోబెల్ బహుమతి హిల్, మయర్‌హాఫ్‌లకు ఈ రంగంలోని కృషికే లభించింది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడడంతో ఆ సిద్ధాంతం సడలింది. 1930లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండా అడ్డుకున్నప్పటికీ కండరం సంకోచిస్తుందని, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటిన్ అని నిరూపించాడు.

1929లో మరింత ముఖ్యమైన ఆవిష్కరణ జరిగింది. అడినోసిన్ అనే అణువుకు మూడు ఫాస్ఫేటులు వరుసగా తగులుకొని ఉన్న పదార్థాన్ని ఫిస్క్, సుబ్బారావులు కండరం నుండి వేరుచేశారు. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, సంక్షిప్తంగా ఏ.టి.పి. అడినోసిన్ అంటే అడినిన్ అనే క్షారం, రైబోజ్ అనే చక్కెర కలిసినది. మూడు ఫాస్ఫేటులలో చివరిది విడిపోయినప్పుడు వచ్చే శక్తితోనే కండరం కదులుతుంది, నాడి స్పందిస్తుంది, కణం తనకు కావలసిన వాటిని నిర్మించుకుంటుంది. మన శరీరంలో ఏ క్షణాన చూచినా కొద్ది పదుల గ్రాముల ఏ.టి.పి. మాత్రమే ఉంటుంది, అది విడిపోతూ, మరల కూడుతూ, ఒక రోజులో మొత్తం మీద దాదాపు మనిషి బరువంత పరిమాణంలో చేతులు మారుతుంది. పాఠశాల జీవశాస్త్రంలో శ్వాసక్రియ పాఠం ఈ మూడక్షరాలు లేకుండా నడవదు.

ఏ.టి.పి.ని కనిపెట్టినది సుబ్బారావే అని తెలుగు పత్రికలలో తరచు వ్రాస్తుంటారు. ఇది సగం నిజం మాత్రమే. జర్మనీలో మయర్‌హాఫ్ ప్రయోగశాలలో పనిచేసే కార్ల్ లోమన్ కూడా అదే 1929లో, కొద్ది వారాలు ముందుగానే, స్వతంత్రంగా ప్రచురించాడు. హార్వర్డ్‌లో జరిగిన పనిలోను ఫిస్క్ భాగస్వామి. మూడు పేర్లనూ కలిపి చెప్పడమే న్యాయం. ఆ మూడింటిలో పాఠ్యపుస్తకాల నుండి అన్నింటికంటె ముందుగా జారిపోయినది సుబ్బారావు పేరు.

సుబ్బారావు 1930లో పిహెచ్.డి. పట్టా పొందాడు. మరి పదేళ్లు హార్వర్డ్‌లోనే ఉన్నప్పటికీ శాశ్వత అధ్యాపక పదవి రాలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ ప్రచురణకు వెళ్లనీయలేదని, అందువలన కొన్నేళ్ల తరువాత ఇతరులు వాటిని మళ్లీ కనుగొనవలసి వచ్చిందని అక్కడ ఆయనతో పనిచేసిన జార్జ్ హిచింగ్స్ తరువాత చెప్పాడు. 1988లో నోబెల్ బహుమతి పొందిన ఔషధ శాస్త్రజ్ఞుడీ హిచింగ్స్.

లెడర్లీలో – ఫోలిక్ ఆమ్లము

1926లో బోస్టన్‌లోనే మైనాట్, మర్ఫీ అనే వైద్యులు, ప్రాణాంతకమైన పెర్నీషియస్ అనీమియా రోగులకు కాలేయం తినిపిస్తే రక్తం పుంజుకుంటుందని చూపారు. కాలేయంలో ఉన్న ఆ గుణకారి పదార్థం ఏది? సుబ్బారావు 1930ల నుండి ఈ ప్రశ్న వెంటపడ్డాడు. విశ్వవిద్యాలయంలో దీనికి తగిన సాధన సంపత్తి లేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ వద్దనున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు. ఇవి అమెరికన్ సైనమిడ్ అనే కంపెనీకి చెందినవి. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలన్నింటికీ అధిపతి అయ్యాడు.

అంతకుముందు బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, గర్భిణులలో వచ్చే ఒక విధమైన రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని గమనించింది. 1941లో అమెరికాలోనే మరొక బృందం, నాలుగు టన్నుల పాలకూరను పిండి, బాక్టీరియాను పెంచే ఒక పదార్థాన్ని కొద్దిగా రాబట్టి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టింది. లెడర్లీలో స్టోక్‌స్టాడ్ దీనిని స్ఫటిక రూపంలో సాధించాడు. యాంజియర్ మొదలైన రసాయన శాస్త్రజ్ఞులు 1945లో కృత్రిమంగా తయారు చేశారు. టెరిడిన్ అనే రెండు వలయాల భాగం, నడుమ పారా-అమైనో బెంజోయిక్ ఆమ్లం, చివర గ్లుటామిక్ ఆమ్లం – ఈ మూడింటి కూర్పే ఫోలిక్ ఆమ్లం. స్ప్రూ రోగులలోను, గర్భిణీ స్త్రీల రక్తహీనతలోను ఇది చక్కగా పనిచేసింది.

అయితే సుబ్బారావు వెదికినది ఇది కాదు. పెర్నీషియస్ అనీమియాలో ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని సరిచేస్తుంది కాని, ఆ జబ్బుతో వచ్చే నరాల క్షీణతను ఆపలేదు. కాలేయంలోని అసలు పదార్థం విటమిన్ బి12. దానిని 1948లో వేరే సంస్థలవారు సాధించారు. ఒక దాని కోసం బయలుదేరి మరొక దానిని చేపట్టడం సుబ్బారావు జీవితంలో ఒకటికి రెండుసార్లు జరిగింది.

ఫోలిక్ ఆమ్లానికి విరుగుడు

ఫోలిక్ ఆమ్లం కణవిభజనకు అవసరం. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్, ల్యుకేమియా అనే రక్త కాన్సరు సోకిన పిల్లలకు లెడర్లీ నుండి తెప్పించిన ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను ఇచ్చి చూచాడు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్లు కనిపించింది. ఫోలిక్ ఆమ్లం కాన్సరు కణాలకు మేత అయితే, దానికి విరుగుడు ఆ కణాలను మాడ్చగలదు. అటువంటి పదార్థాల కోసం ఆయన సుబ్బారావును అడిగాడు.

సుబ్బారావు బృందంలో డోరిస్ సీగర్ తదితరులు 1947లో అమినోప్టెరిన్‌ను తయారు చేశారు. ఫోలిక్ ఆమ్లపు టెరిడిన్ భాగంలో నాల్గవ స్థానంలో ఉన్న ఆక్సిజన్‌కు బదులు అమైనో సమూహం చేర్చారు, అంతే మార్పు. దానికి ఒక మిథైల్ సమూహం కూడా జోడిస్తే అది అమిథోప్టెరిన్, అనగా నేటి మిథోట్రెక్సేట్. ఫార్బర్ 1948 జూన్‌లో ప్రచురించిన నివేదికలో అమినోప్టెరిన్ తీసుకున్న 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. వారందరికీ జబ్బు తిరగబెట్టింది, ఇది మరువరాదు. అయినా అప్పటివరకు వారాలలో ప్రాణం తీసే జబ్బు మందుకు లొంగగలదని తెలియడమే పెద్ద మలుపు. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు గర్భసంచిలో పుట్టే ఒక కాన్సరును మిథోట్రెక్సేట్‌తో పూర్తిగా నయం చేసి చూపారు.

కణంలో డైహైడ్రోఫోలేట్ రిడక్టేస్ అనే ఎంజైము ఫోలిక్ ఆమ్లాన్ని పనికివచ్చే రూపానికి మారుస్తుంది. మిథోట్రెక్సేట్ ఆ ఎంజైములోని గాడిలో వెళ్లి కూర్చుని అసలు పదార్థానికి చోటు లేకుండా చేస్తుంది. 1977లో మాథ్యూస్ బృందం ఎక్స్-కిరణాల సహాయంతో ఈ ఎంజైము, మందు కలిసి ఉన్న నిర్మాణాన్ని వెల్లడించింది. తరువాత పోల్చి చూడగా మిథోట్రెక్సేట్‌లోని టెరిడిన్ భాగం, ఫోలిక్ ఆమ్లం కూర్చునే తీరుకు తలక్రిందులుగా తిరిగి ఇమిడి ఉన్నదని తేలింది. ఒక్క అమైనో సమూహం తెచ్చిన తేడా అది.

శోథను అణచే మందుగా మిథోట్రెక్సేట్

సుబ్బారావు మరణించిన నెలన్నరకు, 1948 సెప్టెంబరులో, ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగికి కార్టిసోన్ ఇచ్చి ఆశ్చర్యకరమైన ఫలితం చూచాడు. ఈ జబ్బులో శరీర రక్షణ వ్యవస్థ సొంత కీళ్లనే శత్రువుగా భావించి దాడి చేస్తుంది. హెంచ్‌కు 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. 1951లో గబ్నర్ అనే వైద్యుడు అదే జబ్బులోను, సోరియాసిస్‌లోను అమినోప్టెరిన్ పనిచేస్తుందని ప్రచురించాడు కాని, కార్టిసోన్ వెలుగులో ఆ వార్త మరుగున పడిపోయింది. కార్టిసోన్ జాతి మందుల దుష్ఫలితాలు అనుభవానికి వచ్చిన తరువాత మళ్లీ దీని మీదకు దృష్టి మళ్లింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1988లో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మిథోట్రెక్సేట్‌ను అనుమతించింది. ఇప్పుడు ఆ జబ్బులో వైద్యులు సాధారణంగా మొదట ఎన్నుకునే మందు ఇదే.

ఈ మందు కీళ్లవాతానికి కాన్సరులో కంటె చాలా తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. పొరపాటున రోజూ వేసుకున్నవారు ప్రాణాపాయ స్థితికి చేరిన సందర్భాలున్నాయి. దీనితోబాటు, దుష్ఫలితాలు తగ్గడానికి, వైద్యులు వేరే రోజున ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా వ్రాస్తారు. సుబ్బారావు బృందం చేసిన విషమూ, దాని విరుగుడూ ఒకే చీటీ మీద ఉంటాయన్న మాట.

ఇంత చిన్న మోతాదు శోథను ఎలా అణచుతుంది? ఎక్కువమంది అంగీకరించే వివరణ ఇది: మిథోట్రెక్సేట్ కణంలో ప్యూరిన్‌ల తయారీలోని ఒక మెట్టును అడ్డగిస్తుంది. దానితో అక్కడ పేరుకుపోయిన మధ్యస్థ పదార్థం, అడినోసిన్ విచ్ఛిన్నం కాకుండా చేస్తుంది. అడినోసిన్ కణం వెలుపలికి చేరి, తెల్ల రక్తకణాల పైపొరలో ఉన్న ఏ2ఏ అనే గ్రాహకాన్ని తాకుతుంది. అప్పుడా కణాల ఉద్రేకం చల్లబడుతుంది. 1929లో సుబ్బారావు మూడు ఫాస్ఫేటులతో సహా పట్టుకున్న అణువులోని భాగమే ఈ అడినోసిన్. తన మందుకూ, తన తొలి ఆవిష్కరణకూ ఈ బంధుత్వం ఉన్నదని ఆయనకు తెలిసే అవకాశం లేదు.

ఇక్కడ కార్టిసోన్ దారికి, మిథోట్రెక్సేట్ దారికి గల తేడాను గమనించాలి. కార్టిసోన్ జాతి హార్మోనులు కణం లోపలికి పోయి గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం అనే ప్రోటీనును తాకుతాయి. ఇటువంటి వాటిని కేంద్రక గ్రాహకాలు అంటారు. మానవునిలో ఇవి 48 రకాలు. వీటి నిర్మాణం ఇంచుమించు ఒకే మూసలో ఉంటుంది. ఒక భాగం రెండు జింకు అణువుల ఆసరాతో మడతపడి డి.ఎన్.ఏ.ను పట్టుకుంటుంది. మరొక భాగం పన్నెండు చుట్టల పొందికతో ఏర్పడి, మధ్యలో హార్మోను దూరడానికి ఒక గూడును కలిగి ఉంటుంది. హార్మోను గూటిలో చేరగానే చివరి చుట్ట మూతలాగా సర్దుకుంటుంది. అప్పుడు గ్రాహకం కేంద్రకంలోనికి పోయి, శోథను రగిల్చే జన్యువుల నోరు మూయిస్తుంది. గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకంలో హార్మోను పట్టే భాగపు నిర్మాణం 2002లో వెల్లడయింది.

ఏ2ఏ గ్రాహకం ఇటువంటిది కాదు, అది కణపు పైపొరలోనే ఉంటుంది. అయితే దాని సందేశం లోపలికి పోయి మరొక కేంద్రక గ్రాహకాన్ని చేరుతుంది. దాని పేరు నర్1, లేదా ఎన్.ఆర్.4.ఏ.2. కీళ్లవాతం రోగుల కీళ్ల కణజాలంలో ఇది అధికంగా కనిపిస్తుంది. 2003లో దీని నిర్మాణం తెలిసినప్పుడు శాస్త్రజ్ఞులకు ఆశ్చర్యం కలిగింది: హార్మోను ఉండవలసిన గూడు లోపల ఖాళీయే లేదు, ప్రోటీను యొక్క సొంత అమైనో ఆమ్లాల కొమ్మలే దానిని కిక్కిరిసి నింపివేశాయి. కనుక ఇది ఎంత పనిచేయాలన్నది గూటిలో చేరే హార్మోను కంటె, కణంలో ఆ ప్రోటీను ఎంత తయారైనదన్న దానిమీదనే ఎక్కువగా ఆధారపడుతుంది. మిథోట్రెక్సేట్ ఈ నర్1 పరిమాణాన్ని మార్చగలదని, ఆ మార్పు అడినోసిన్, ఏ2ఏ గ్రాహకాల మీదుగానే జరుగుతుందని 2005లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది.

ఇతర ఔషధాలు

హెట్రజాన్: దీని రసాయన నామం డైఇథైల్ కార్బమజైన్. లెడర్లీలో హెవిట్ తదితరులు 1947లో దీనిని ప్రకటించారు. బోదకాలుకు కారణమైన ఫైలేరియా పురుగుల పిల్లలను రక్తం నుండి తొలగిస్తుంది. మురుగునీటి దోమలు వ్యాపింపజేసే ఈ జబ్బు గోదావరి డెల్టాలో తరతరాలుగా ఉన్నదే. పురుగు పిల్లలు రాత్రివేళనే రక్తంలో తిరుగుతాయి కనుక ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట ఇళ్లకు వచ్చి వేలి నుండి రక్తపు చుక్క తీసుకొనడం ఉభయ గోదావరి జిల్లాల వారికి తెలిసిన విషయమే. 2004 నుండి భారత ప్రభుత్వం, ఫైలేరియా ఉన్న జిల్లాలలో ప్రజలందరికీ సామూహికంగా మాత్రలు పంచే కార్యక్రమంలో వాడినది ఈ మందే. సుబ్బారావు తిరిగి రాలేకపోయిన ఊళ్లకు ఆయన మాత్ర ఇంటింటికీ వచ్చింది.

ఆరియోమైసిన్: టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి ఆంటీబయాటిక్. పెన్సిలిన్‌కు లొంగని అనేక సూక్ష్మజీవులపై పనిచేసింది. దీనిని మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలం నుండి వచ్చిన మట్టి నమూనాలో కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్ అనే వయోవృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. విశ్వవిద్యాలయం నుండి విరమించిన తరువాత లెడర్లీలో పనిచేస్తున్న ఆయన పరిశోధనకు పర్యవేక్షకుడు సుబ్బారావు. కనుక టెట్రాసైక్లిన్‌ను సుబ్బారావే కనిపెట్టాడనడం సరికాదు. 1948లో ఈ మందు ప్రకటించబడింది.

మరణము

సుబ్బారావు అమెరికా చేరిన మరుసటి సంవత్సరమే, 1923లో, భారతీయులు అమెరికా పౌరసత్వానికి అనర్హులని అక్కడి సుప్రీం కోర్టు తీర్పునిచ్చింది. 1946లో చట్టం మారేవరకు ఆ స్థితి కొనసాగింది. చట్టం మారిన తరువాత కూడా ఆయన పౌరసత్వం స్వీకరించలేదు. చివరివరకు విదేశీయునిగానే అక్కడ ఉన్నాడు. 1948 ఆగష్టు రెండవ వారం మొదట్లో పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి మరణించాడు. అప్పటికి వయసు 53 సంవత్సరాలు. భారతదేశం స్వతంత్రమై ఏడాది కూడా నిండలేదు. ఫార్బర్ నివేదిక వెలువడి రెండు నెలలే అయింది.

గుర్తింపు

సుబ్బారావుకు నోబెల్ బహుమతి రాకపోవడానికి జాతి వివక్షే కారణమని కొందరు వ్రాస్తారు. వివక్ష ఉన్నమాట నిజమే కాని, ఇతర కారణాలూ కనిపిస్తాయి. ఆయన పేటెంట్ల కోసం, సభలలో ప్రసంగాల కోసం ఆరాటపడలేదు. లెడర్లీ పరిశోధన పత్రాలలో బృందసభ్యుల పేర్లే ముందుంచేవాడు. ఫోలిక్ ఆమ్లం పత్రంలో ఆయన పేరు జాబితా మధ్యలో ఎక్కడో ఉంటుంది. పైగా నోబెల్ బహుమతి మరణానంతరం ఇవ్వరు. మిథోట్రెక్సేట్ విలువ లోకానికి తెలిసే నాటికి ఆయన లేడు.

ఆయన జీవితచరిత్రను ఎస్.పి.కె. గుప్త ఆంగ్లంలో వ్రాయగా 1987లో ప్రచురితమైంది. 2010లో వెలువడిన సిద్ధార్థ ముఖర్జీ కాన్సరు చరిత్ర గ్రంథం వలన ఆయన పేరు కొత్త తరం పాఠకులకు తెలిసింది. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో స్టాంపు విడుదల చేసింది. లెడర్లీలో ఆయన సహోద్యోగి అయిన శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ హెసెల్టిన్, 1953లో తాను వర్ణించిన ఒక కొత్త బూజుజాతికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేశాడు.